బెంగుళూరులో ఆఖరు రోజు

బొమ్మసంద్ర అనే పేరు వినగానే తెలుగువారు బొమ్మను వెదుకుతారు. వెదకవలసినది సముద్రాన్ని. సంద్ర అంటే సముద్రమే. పూర్వం పెద్ద చెరువు త్రవ్వించినవారు దానికి సముద్రమని పేరు పెట్టి తృప్తిపడేవారు. మన అనంతపురం ప్రక్కన బుక్కరాయసముద్రం లేదూ? అక్కడా అలలు లేవు, ఉప్పునీళ్లు లేవు, చెరువే ఉన్నది. బెంగుళూరు సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు. చెంతన పెద్ద నది లేదు. అందుచేత ప్రతి గ్రామమూ తన చెరువు తాను త్రవ్వుకొన్నది. తన సముద్రం తాను చేసికొన్నది. బొమ్మసంద్ర, సింగసంద్ర, హొంగసంద్ర, ఇలా ఒకే దారిన మూడు సముద్రాలు తగులుతాయి. మూడింటి పేర్లూ ఈనాడు రైలు స్టేషన్ల పలకల మీద ఉన్నాయి.

ఈ బొమ్మసంద్ర బెంగుళూరు నుంచి హోసూరుకు పోయే రోడ్డు మీద, ఆనేకల్ తాలూకాలో ఉన్నది. ఇంకొంచెం ముందుకు పోతే అత్తిబెలె, అది దాటితే తమిళనాడు. హోసూరులో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ రోడ్డు ఇంటిముందు వీధి వంటిది. ఒకప్పుడు రాగిచేలు ఉన్నచోట ఇప్పుడు కర్మాగారాలు ఉన్నాయి. చేరువనే ఎలక్ట్రానిక్ సిటీ. దానికి 1978లో పునాది పడింది. ఇవన్నీ ఒక ఎత్తు, గుండెజబ్బుల ఆసుపత్రి ఒక ఎత్తు. డాక్టరు దేవీశెట్టిగారు 2000లో నెలకొల్పిన నారాయణ హృదయాలయ వలన ఈ చిన్న ఊరి పేరు అస్సాం దాకా, బంగాళం దాకా ప్రాకింది. వీధిలో నడిస్తే కన్నడం తరువాత వినబడేది బెంగాలీయే. గది అద్దెకిచ్చే ఇంటి ముందు బెంగాలీ అక్షరాలు, చేపలకూర పూటకూళ్ల ఇంటి ముందు బెంగాలీ అక్షరాలు. రోగికి పథ్యం వండుకోవడానికి గదిలోనే పొయ్యి, గిన్నెలు ఇస్తారు. ఈ ఊరికి వేడుక చూడడానికి ఎవరూ రారు. వచ్చినవారు మాత్రం ఒకరి నొకరు పలకరించకుండా ఉండరు. "మీకు ఎన్నాళ్లయింది?" అన్నది ఇక్కడి మొదటి ప్రశ్న.

మేమూ వేడుకకు రాలేదు. మా ఆవిడకు నిరుడు శ్రావణంలో గుండెకవాటం మార్చారు. ఆ తరువాతి పరీక్షల కని ఈ ఫాల్గుణంలో ఎనిమిది రోజులు బొమ్మసంద్రలో గది తీసికొన్నాము. అసలు ఆ డబ్బు వేరే పనికి దాచినది. మా ఆవిడ ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పింది. ఐరోపా పటం నల్లబల్ల మీద చూడకుండా గీయగలదు; ఇటలీ పాదమూ, నార్వే అంచులూ పిల్లలు చప్పట్లు కొట్టేటట్లు గీసేది. పని విరమించినాక ఆ దేశాలు ఒక్కసారి కళ్లారా చూడాలని అనుకొన్నాము. లండనులో నాలుగు రోజులు, పారిసులో మూడు, వియన్నాలో రెండు అని కాగితం మీద లెక్క కూడా వేసికొన్నాము. పాస్‌పోర్టులు వచ్చిన నెలలోనే ఆయాసం వచ్చింది.

ఏడవనాడు పరీక్షలన్నీ ముగిశాయి. డాక్టరుగారు కాగితాలు చూచి, "బాగున్నది. రోజూ నడవండి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఆగి ఆగి ఎక్కండి" అన్నారు. మా ఆవిడ విమాన ప్రయాణం మాట అడిగింది. "దాని సంగతి వచ్చే ఏడు చూద్దా మమ్మా" అన్నారు. ఆమె మారు మాట్లాడలేదు. గదికి వచ్చి మందులు డబ్బాలో సర్దింది.

మరునాడు రాత్రి రైలు. పగలంతా మాది. ఆఖరు రోజును ఎలా గడపాలన్నది యాత్రికులందరికీ వచ్చే చిక్కే. కొందరు చూడని చోట్లన్నీ ఆ ఒక్క రోజులో చుట్టి, ఇంటికి పోయి ఏదీ చెప్పలేరు. కొందరు బజారు మీద పడతారు. చిక్కుపేటలో చీరెలు చూతామా అని మేము అడిగాము. "చీరెలు మన ఊళ్లోనూ ఉన్నాయండీ. లాల్‌బాగులో ఆ రాయి మన ఊళ్లో లేదు" అన్నది మా ఆవిడ. దారి అప్పుడే స్థిరపడింది.

బొమ్మసంద్ర నుంచి నగరానికి పోవడం మొన్నమొన్నటి దాకా ఒక పరీక్ష. సిల్కు బోర్డు కూడలిలో బండ్లు ఆగిపోవడం గురించి బెంగుళూరువారు హాస్యాలు చెప్పుకొని తృప్తి పడేవారు. 2025 ఆగస్టులో పసుపు మార్గమని మెట్రోరైలు వచ్చింది. బొమ్మసంద్ర నుంచి రాష్ట్రీయ విద్యాలయ రోడ్డు దాకా 19 కిలోమీటర్ల పైచిల్లర, 16 స్టేషన్లు. తెల్లవారి ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. స్తంభాల మీద పోయే దారి కనుక ఊరంతా మేడ మీద నుంచి చూచినట్లు కనబడుతుంది. కర్మాగారాల రేకుల కప్పులు, వాటి వెనుక అద్దాల మేడలు, వాటి నడుమ ఒకచోట కొబ్బరితోట, గుడిగోపురం. సిల్కు బోర్డు స్టేషను రాగానే, "ఇక్కడ దిగితే పట్టుచీరె దొరకవచ్చునేమో" అన్నాము మేము. "అది కచేరీ అండీ, కొట్టు కాదు" అని ఆమె నవ్వింది. చాలా రోజులకు నవ్విన నవ్వు. తరువాత జయదేవ ఆసుపత్రి స్టేషను వచ్చింది. అదీ గుండె ఆసుపత్రే, ప్రభుత్వానిది. ఒక గుండె ఆసుపత్రి దగ్గర ఎక్కి, ఇంకొక గుండె ఆసుపత్రి ముందునుంచి తోటకు పోతున్నా మన్నమాట. చివరి స్టేషనులో పచ్చమార్గానికి మారి మూడవ స్టేషనులో దిగితే లాల్‌బాగు.

ఈ తోటను 1760 ప్రాంతాన హైదరాలీ మొదలుపెట్టాడు, టిప్పు పెంచాడు. నేడు 240 ఎకరాలు. మేము పోయిననాటికి టబూబియా చెట్లు ఆకు రాల్చి నిలువెల్లా గులాబిరంగు పూలతో ఉన్నాయి. ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండపు చెట్టు. జకరండా అటువంటిదే. బెంగుళూరు వీధుల్లో ఒక చెట్టు పూత ముగిసేసరికి ఇంకొకటి పూయాలని ఆలోచించి నాటించినవాడు క్రుంబీగల్ అనే జర్మను. సాక్సనీ ప్రాంతంలో 1865లో పుట్టాడు. లండను చెంత క్యూ తోటలో పనిచేసి, మన దేశంలో బరోడా రాజుగారి తోటలు తీర్చి, 1908లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. మొదటి మహాయుద్ధంలో జర్మను అని ఇంగ్లీషువారు నిర్బంధించారు. అయినా ఈ ఊరు విడువలేదు. 1956లో ఇక్కడనే కన్నుమూశాడు. హోసూరు రోడ్డు మీది క్రైస్తవుల శ్మశానవాటికలో సమాధి ఉన్నది. బొమ్మసంద్రకు పోయే రోడ్డూ అదే.

తోట నడుమ గాజుమేడ. 1889 నవంబరులో విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్టు విక్టరు దీనికి పునాదిరాయి వేశాడు. పోత ఇనుప స్తంభాలు గ్లాస్గో నగరపు కార్ఖానాలో పోసి ఓడ మీద తెచ్చారు. ఏటా జనవరిలోనూ ఆగస్టులోనూ పూల ప్రదర్శన జరిగేది ఇందులోనే. మిగిలిన రోజుల్లో ఖాళీగా, ఎండ లోపలికి దిగి, ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. 1851లో లండను హైడుపార్కులో కట్టిన స్ఫటిక సౌధం దీనికి మాతృక. మా ఆవిడ బల్ల మీద కూర్చుని చాలాసేపు పైకప్పు చూచింది.

"ఆ లండను మేడ పాఠంలో ఉండేది" అన్నది.

"అది చూడలేకపోయాము" అన్నాము మేము, ఏమనాలో తోచక.

"పోయినా చూడలేమండీ. అది 1936లో కాలిపోయింది. ఇది ఉన్నది."

తల్లి పోయినా పిల్ల మిగిలిన చందాన, లండనులో లేని మేడకు పోలిక బెంగుళూరులో దొరికింది. దీనితో ఐరోపా యాత్ర తీరిపోయిందని మేము అనము. వియన్నా వియన్నాయే. కాని చూడడానికి పోయినవాడికి ఎక్కడ ఏమి దొరుకుతుందో ముందుగా చెప్పలేము.

గాజుమేడ దాటితే ఆ రాయి. దూరం నుంచి చూస్తే ఏనుగు పడుకొన్నట్లుంటుంది. పిల్లలు పరుగెత్తి ఎక్కుతారు. గట్టిగుండె గలవారికి అది ఎత్తే కాదు. శిఖరాన కెంపేగౌడ బురుజు ఉన్నది. మా ఆవిడ చెప్పులు విప్పి చేతబట్టుకొన్నది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాము. డాక్టరుగారు ఆగి ఆగి అన్నారే గాని వద్దనలేదు కదా అని ఊరుకొన్నాము. నలభై అడుగులు వేసి ఆగింది. నాడి చూచుకొన్నది. మళ్లీ నలభై. మూడవసారి ఆగినప్పుడు ఒక కుర్రవాడు, "అమ్మా, చెయ్యి ఇవ్వనా?" అని కన్నడంలో అడిగాడు. "వద్దు నాయనా, నేనే ఎక్కాలి" అని ఆమె తెలుగులో చెప్పింది. అతనికి అర్థమైంది. ప్రక్కకు తొలగి నిలబడ్డాడు. అయిదవసారి ఆగినచోట బురుజు ఉన్నది.

ఈ రాయి వయస్సు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. భూగర్భశాస్త్ర శాఖవారు దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించి పలక పెట్టారు. లోపల ఎంతో లోతున వేడికీ ఒత్తిడికీ మారిన రాయి ఇది. తెలుపూ బూడిదా చారలు కంటికి కనబడతాయి. పైనున్న నేల యుగాలుగా అరిగిపోగా ఇది బయట పడింది. మన దక్షిణ దేశమంతా ఇటువంటి పునాది మీదనే కూర్చున్నది. మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకొని, "ఆల్ప్సు పర్వతాలు లేచి ఎన్నాళ్లయిందనుకొన్నారు? కొన్ని కోట్ల ఏళ్లే. దీని ముందు అవి పసిపిల్లలు. ముప్పై ఏళ్లు ఆల్ప్సు గీసినాను గాని దీనిని ఒక్కనాడు గీయలేదు" అన్నది. ఆ మాటలో విచారం లేదు. పాఠం దిద్దుకొంటున్నట్లు అన్నది.

బురుజును గురించీ తెలుగువారు తెలుసుకోవలసినది ఉన్నది. కెంపేగౌడ 1537లో ఈ ఊరు కట్టించాడు. ఆయన 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం తెలుగులో రచించాడని చరిత్రకారులు చెబుతారు. ఆ వంశంవారు ఊరికి నాలుగు దిక్కుల నాలుగు బురుజులు పెట్టించారు, ఇది ఒకటి. ఊరు ఎప్పుడో బురుజులు దాటింది. బొమ్మసంద్ర ఇక్కడికి కనబడనైనా కనబడదు.

దిగి పెద్దద్వారం గుండా బయటికి వస్తే మావళ్లి. ఉడుపి ప్రాంతపు మయ్య సోదరులు 1924లో పెట్టిన ఫలహారశాల, ఎం.టి.ఆర్. అని లోకానికంతా తెలిసినది, దగ్గరనే ఉన్నది. రెండవ మహాయుద్ధంలో బియ్యం దొరకనప్పుడు రవ్వతో ఇడ్లీ చేసినది తామే నని వారు చెబుతారు. ఇడ్లీతో చిన్న గిన్నెలో నెయ్యి ఇస్తారు. మా ఆవిడ తన నెయ్యి మా వైపు జరిపింది. మా గుండె ఎవరూ పరీక్షించలేదు కనుక తిన్నాము.

తరువాత ఆటోలో విధానసౌధం దాకా పోయినాము. చూడవలసినది ఒక్క భవనం కాదు, ఎదురెదురుగా ఉన్న రెండు. ఒక ప్రక్క 1868లో కట్టిన అఠారా కచేరి, ఎర్రరంగు, గ్రీకు స్తంభాలు, ఇప్పుడది హైకోర్టు. ఎదురుగా విధానసౌధం, మన రాతిపని, మన గోపురాలు. విదేశీయుడొకడు వచ్చి, మీ ఊరినిండా ఐరోపా కట్టడాలే కదా అన్నాడనీ, ఆ మాట మనసుకు నాటి ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య దీనిని తలపెట్టాడనీ చెప్పుకొంటారు. 1951లో నెహ్రూగారు పునాది వేశారు. 1956లో పూర్తి అయింది. మేము కబ్బన్‌పార్కు నీడలో కూర్చుని రెండూ చూచాము. ఒకదానిని చూచి రెండవదానిని కాదనాలనిపించలేదు.

తిరుగురైలులో మొదటి స్టేషనుకు విశ్వేశ్వరయ్యగారి పేరు. పూర్వులది మన మోక్షగుండం. చదువు ఇక్కడి సెంట్రల్ కాలేజి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినాక, మళ్లీ ముంచకుండా ఉపాయం చెప్పినది ఆయనే. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆ ఉపాయంలోనివే. బెంగుళూరు పోయే తెలుగువారు ఆ పలక చూచి ఒక్క క్షణం తలచుకోవడం బాగుంటుంది.

బొమ్మసంద్రకు వైద్యం కోసం పోయే పాఠకులకు మా మనవి ఒకటి. కాగితాల నడుమ ఒక పూట మిగుల్చుకోండి. డాక్టరుగారిని అడిగి, తెల్లవారి బయలుదేరి, ఒకటి రెండు చోట్లు మాత్రమే ఎంచుకోండి. రోగిని బల్ల మీద కూర్చోబెట్టి మీరు తిరిగి రావద్దు. రోగి నడక ఎంతో మీ నడకా అంతే కానివ్వండి. రాయి ఎక్కేటప్పుడు నీళ్లు దగ్గర ఉంచుకోండి, ఎండ ముదరకముందే దిగండి.

మా పాస్‌పోర్టులు బీరువాలో ఉన్నాయి. వాటికి ఇంకా తొమ్మిదేళ్ల గడువు ఉన్నది.