ఒక్కసారే వినిపించే గొంతు

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష లిజనింగ్ విభాగంలో రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. 40 ప్రశ్నలు, దాదాపు 30 నిమిషాలు. మొదటి భాగం తేలికే అనిపిస్తుంది. ఎవరో ఫోన్లో గది బుక్ చేసుకుంటూ ఇంటిపేరు అక్షరం అక్షరం చెబుతుంటారు. మంగళవారం వస్తానంటారు. ఆ మాట రాసేలోపే, కాదు కాదు, గురువారం అని దిద్దుకుంటారు. అసలు జవాబు అదే. జారిపోయిన ప్రశ్న కోసం వెనక్కి చూస్తూ కూర్చుంటే తరవాతివి రెండూ పోతాయి. పోయినదాన్ని వదిలేసి ముందుకు సాగడమే, నా దృష్టిలో, ఈ సాధనలో అన్నిటికన్నా కష్టం. కోచింగ్ సెంటర్లు చిట్కాలు ఎన్నయినా చెబుతాయి. బ్రిటిష్, ఆస్ట్రేలియా యాసలకు చెవి అలవాటు పడాలంటే మాత్రం రోజూ వినాల్సిందే.

రీడింగ్ సంగతి వేరు. మూడు భాగాలు, 60 నిమిషాలు. అక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ‘నాట్ గివెన్’, అంటే ‘పాఠంలో చెప్పలేదు’ అనే జవాబు. పాఠం తేనెటీగల మీదైతే, వాటి గురించి మనకెంత తెలిసినా, పాఠంలో లేనిది లేనట్టే. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇక్కడ తడబడితే ఇంగ్లిష్ రాకనే అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. బడిలో ఇన్నేళ్లూ జవాబు బట్టీ పట్టమన్నారు గానీ, రచయిత ఏం చెప్పలేదో గమనించమని ఎవరూ అనలేదు. వాళ్లకు మాక్ టెస్టుల కంటే ముందు ఓ పత్రికా వ్యాసం ఇవ్వాలి. జవాబు తప్పయితే మార్కులు లెక్కపెట్టకుండా, ఏ వాక్యం చూసి అలా అనుకున్నారో వేలు పెట్టి చూపించమనాలి.