మేం చూసుకుంటున్నాంలెండి

అత్తయ్యగారు పక్షవాతంతో మంచాన పడ్డాక పటమటలో మా ఇంటికి చుట్టాలు రాని వారం లేదు. గుడివాడ నుంచీ ఉయ్యూరు నుంచీ డజను అరటిపళ్ళో హార్లిక్స్ సీసానో పట్టుకుని వచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి "ఏమన్నా సాయం కావాలంటే చెప్పమ్మా" అనేవాళ్ళు. "మేం చూసుకుంటున్నాంలెండి" అనేదాన్ని. అందులో సగం మర్యాద, సగం బింకం. ఎంత చేస్తోందో కోడలు అని నలుగురూ అనుకోవాలన్న ఆశ కూడా లేకపోలేదు. వాళ్ళు తాగిన కాఫీ గ్లాసులు కడిగి, మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒత్తిగిలించి పడుకోబెట్టేదాన్ని. రెండు గంటలకోసారి అలా తిప్పకపోతే వీపున పుళ్ళు పడతాయి.

పగలు ఆయా ఉండేది, కంకిపాడు దగ్గర పల్లెటూరి మనిషి. ఊడ్పులొచ్చాయంటే కొన్నాళ్ళు కనపడేది కాదు. నాకు ఒళ్ళు మండేది. ఆమెకీ సెలవు కావాలనీ, ఆ రోజులకి మనిషిని ముందే చూసి పెట్టుకోవలసింది నేనేననీ తోచలేదు. రాత్రిళ్ళు సరే, నావే.

నాకు జ్వరం వచ్చి లేవలేనప్పుడు అవనిగడ్డ నుంచి వదిన వచ్చింది. తల్లి మీద ప్రేమకొద్దీ, పడుకున్న మనిషికి గ్లాసుతో కొబ్బరినీళ్ళు పట్టింది. మింగడం దెబ్బతిన్నవాళ్ళకి నీళ్ళలా పల్చగా ఉండేవే ఎక్కువ ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి జావ చెంచాతో కొద్దికొద్దిగా పెట్టి, మింగారని చూసుకున్నాకే రెండో చెంచా. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. ఇదంతా నా ఒక్కదాని బుర్రలోనే ఉంది. న్యుమోనియా, ఐసీయూ. ఆసుపత్రి వరండాలో వదిన ఏడుస్తుంటే ఆవిణ్ణి ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. నేను ఎవరికీ నేర్పలేదు. నేర్పితే ఇంట్లో నా అవసరం తగ్గుతుందనుకున్నానేమో.

చూసుకునే మనిషికీ ఆసరా కావాలని తోచకపోవడంలో చట్టాలదీ నా తీరే. తల్లిదండ్రులు, వయోవృద్ధుల కోసం 2007లో వచ్చిన చట్టం, వాళ్ళని వదిలేసినవాళ్ళకి మూడు నెలల దాకా జైలంటుంది. వదలకుండా మంచం పక్కనే కూర్చున్నవాళ్ళ ఊసెత్తదు. మన ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టూ మిగతా అర్హతలూ ఉంటే, 2024 జూలై నుంచి నెలకి 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. డైపర్లకీ మందులకీ అది పెద్ద ఆసరానే. కానీ నేను రెండు గంటలు బయటికి వెళ్ళాలంటే నా చోట కూర్చునే మనిషి కావాలి. కేరళవాళ్ళు 2008లోనే పాలియేటివ్ కేర్‌కి ఒక విధానం పెట్టుకున్నారు. అక్కడ నర్సులూ ఊళ్ళోని వాలంటీర్లూ ఇళ్ళకి వస్తారు. మనకి పెద్దల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. దారి చెబుతారు, మంచం పక్కన కూర్చునే మనిషిని మాత్రం మనమే వెతుక్కోవాలి.

అలా వెతకడం మొదలుపెట్టాక ఒకటి అర్థమైంది. "ఎప్పుడన్నా రండి" అంటే ఎవరూ రారు. "మంగళవారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా కూర్చుంటారా పిన్నిగారూ" అంటే కాదన్నవాళ్ళు తక్కువ. తినిపించే పద్ధతి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ముందు నా ఎదుట చేయించి, ఆ తరవాతే ఒంటరిగా వదిలాను. బయటికెళ్ళి గంటకి నాలుగుసార్లు ఫోన్ చేయకుండా ఉండడం మాత్రం చాలా కష్టమైంది. వదిన జావలో ఉప్పు ఎక్కువేస్తుంది, దిండు నేను పెట్టినట్టు పెట్టదు. అత్తయ్యగారికి ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందంతా నాదే.

డాలస్‌లో ఉన్న మరిది డబ్బు పంపేవాడు, నేనూ అంతకు మించి అడగలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే వీడియో కాల్‌లో తల్లితో కబుర్లు చెబుతాడు. ఆ అరగంటలో నా స్నానం, టిఫినూ అయిపోతాయి. ఏదన్నా తేడా కనిపిస్తే ఫోన్లోంచే కేకేస్తాడు. మావారు జావ కాయడం, మందులివ్వడం, ఒత్తిగిలించడం అన్నీ నేర్చుకున్నారు. డైపర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకి ఇంకా ఏదో ఒక పని గుర్తొస్తూనే ఉంటుంది.