భయం ఎవరిది?

నరసరావుపేట దగ్గర ఓ చిన్న ఊళ్ళో మా నాన్నకి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ముప్ఫై ఏళ్ళ నుంచీ నడుపుతున్నాడు. నేనేమో ఊరందరికీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు రాసిచ్చే కంపెనీలో ఇంజనీర్ని. సొంత షాపుని కంప్యూటర్లో పెట్టడం ఎంతసేపు అనుకున్నా. అలా అనుకున్నప్పుడే దెబ్బ తింటామని తర్వాత తెలిసింది లెండి.

అసలు మా షాపులోకి మొదట టెక్నాలజీని తెచ్చింది నేను కాదు, గవర్నమెంటు. 2018కల్లా ఎరువుల సబ్సిడీకి దేశమంతా కొత్త పద్ధతి వచ్చింది. పీఓఎస్ మెషీన్లో రైతు ఆధార్ నంబరు కొట్టి వేలిముద్ర తీసుకోవాలి, అలా అమ్మిన సరుకు మీదే కంపెనీకి సబ్సిడీ వస్తుంది. వినడానికి బానే ఉంది. కానీ నలభై ఏళ్ళు పార పట్టిన చేతుల్లో గీతలెక్కడుంటాయి? వేలు తుడిచి మళ్ళీ పెట్టి, అది కాదంటే ఇంకో వేలు పెట్టి... వాన పడ్డ మర్నాడు అందరికీ యూరియా ఒకేసారి కావాలి, బయట జనం. అయినా నాన్న నేర్చుకున్నాడు. ఏ రైతుకి ఏ వేలు పడుతుందో కూడా గుర్తుపెట్టుకున్నాడు!

అది చూసీ నాకు బుద్ధి రాలేదు. 2022లో వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో ఇంటి దగ్గరున్నప్పుడు, ఖరీఫ్ ముందు షాపులో కంప్యూటరు, ప్రింటరు, నేను రాసిన సాఫ్ట్‌వేరు పెట్టేశా. స్టాకు, జీఎస్టీ బిల్లులు, అరువు ఖాతాలు అన్నీ అందులోనే. "మన పుస్తకానికి ఏమొచ్చిందిరా? అది తప్పులు చేస్తే ఎవడిది బాధ్యత?" అన్నాడు నాన్న. "మార్పంటే నీకు భయం నాన్నా" అన్నాను. ఆ మాట నాకు భలే నచ్చేది. ఎదుటి మనిషికి భయం అని ముద్ర వేసేస్తే, ఇక వాళ్ళు చెప్పేది వినక్కర్లేదు కదా!

వారం తిరిగేసరికి నాన్న కౌంటరు దగ్గర కూర్చోవడం మానేసి గోడౌన్లో కుర్చీ వేసుకున్నాడు. నేను పట్టించుకోలేదు.

గడువు దాటిన బాకీలకి ఆటోమేటిగ్గా ఎస్సెమ్మెస్ వెళ్ళే ఏర్పాటు కూడా చేశా, చాలా గర్వంగా. అక్టోబర్లో ఒకరోజు పొద్దున్నే అవి వెళ్ళాయి. అందులో ఒకటి, నాలుగు రోజుల క్రితమే కొడుకుని పోగొట్టుకున్న రైతుకి.

నాన్న షాపు మూసేసి, బండి మీద ఆ ఇంటికి వెళ్ళొచ్చాడు. నన్ను తిట్టలేదు. పాత ఖాతా పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. పేర్ల పక్కన చిన్న అక్షరాలు. "కూతురి పెళ్ళి, తర్వాత ఇస్తాడు." "బోరు ఎండింది." "అడగొద్దు, తనే తెస్తాడు." నా డేటాబేస్‌లో ఉన్నవి పేరు, నంబరు, మొత్తం, గడువు. ఆ గడువు కూడా అందరికీ 90 రోజులని నేనే పెట్టా. మిర్చి వేసినవాళ్ళకి డబ్బు కనపడేది కాయ గుంటూరు యార్డుకి వెళ్ళాక, అంటే ఫిబ్రవరి, మార్చిల్లో. జూలై అరువుకి అక్టోబర్లో గడువేంటి అసలు?

అప్పుడడిగా, గోడౌన్లో ఎందుకు కూర్చుంటున్నావని. కాసేపాగి చెప్పాడు. "స్క్రీన్ మీద అంతా ఇంగ్లీషు. ఏ తెగులుకి ఏ మందు కొట్టాలో వాళ్ళకి చెప్పేవాణ్ణి నేను. వాళ్ళ ముందు ఏది నొక్కాలిరా అని నిన్ను ఎలా అడగను?"

భయం ఉన్నమాట నిజమే. కానీ అది మార్పంటే కాదు, పరువు పోతుందని.

ఎస్సెమ్మెస్‌లు తీసేశా. స్క్రీన్ తెలుగులోకి మార్చా, అదీ నాన్న వాడే మాటలతోనే: బాకీ, జమ, అరువు. గడువు పంటని బట్టి పెట్టా. పేరు పక్కన రాసుకోడానికి ఖాళీ జాగా ఇచ్చా. ఆ సీజనంతా పుస్తకం, కంప్యూటరు రెండూ నడిపాం. రాత్రి షాపు కట్టేశాక ఇద్దరం కూర్చుని ఎక్కించేవాళ్ళం. తప్పులేమైనా ఉంటే మా ఇద్దరి మధ్యే. ఒకరోజు, రెండు నెలల్లో ఎక్స్‌పైరీ అయిపోయే మందుల లిస్టు చూపించా. ఏటా ఆ డబ్బాల మీద నష్టపోతున్న మనిషి. "ఇది ముందే చూపించి ఏడవచ్చు కదరా!" అన్నాడు. నిజమే, దాన్ని నేనే ఏదో మూలనున్న మెనూలో దాచిపెట్టా. మర్నాటి నుంచీ మళ్ళీ కౌంటరు దగ్గరే.

కథ ఇక్కడితో అయిపోతే నేను హీరోని. కానీ గత ఏడాది మా ఆఫీసులో, కోడ్ రాసే ఏఐ టూల్స్ అందరూ వాడాలన్నారు. మీటింగులో నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అది తప్పులు చేస్తే ఎవరిది బాధ్యత?" మా మేనేజర్ నవ్వి "మార్పంటే భయమా?" అన్నాడు. ఒళ్ళు మండింది. నేనడిగింది సరైన ప్రశ్నే. కానీ నిజం చెప్పాలంటే, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి ముందు ఏమీ రానివాడిలా కనపడతానేమో అన్న భయమూ ఉంది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పా. అంతా విని, "పుస్తకం అప్పుడే పారెయ్యకు. కొన్నాళ్ళు రెండూ నడుపు. రాత్రిళ్ళు నేర్చుకో, ఎవరూ చూడరు" అన్నాడు.

అదే చేస్తున్నా.