ఫోన్‌లో కొనే కళ్లద్దాలు, కనుపాపల కొలత

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు పథకం ఊరూరా కళ్లు పరీక్షించి, ఉచితంగా అద్దాలిచ్చి, చూపు మసకబారడం చాలామందిలో సరిదిద్దుకోదగిన లోపమేనని తెలియజెప్పింది. నేడు హుస్నాబాద్ వంటి పట్టణంలో ఫోన్‌లోనే అద్దాలు చవకగా తెప్పించుకునే వీలున్నా, చీటీలోని పవర్‌తో పాటు రెండు కనుపాపల నడిమి దూరాన్ని, అంటే పీడీ అని వ్యవహరించే మిల్లీమీటర్ల కొలతను, పరీక్ష సమయంలోనే రాయించుకోవడం అవసరం; అది తప్పితే సరైన పవర్ ఉన్న అద్దాలు కూడా తలనొప్పికి దారితీయవచ్చు. చలువ అద్దాల విషయంలో అతినీలలోహిత కిరణాలను 400 నానోమీటర్ల వరకు ఆపే యూవీ400 గుణాన్నే చూడాలి. ఆ గుణం లేని నల్లటి అద్దం వెనుక కనుపాప విచ్చుకొని, హానికర కిరణాలను మరింతగా లోనికి రానిస్తుంది. తక్కువ ధర పేదల చూపుకు నిజంగా మేలు చేయాలంటే పీడీ, యూవీ400 రెండింటినీ ముందుగా అడిగి తెలుసుకోవాలి.