రోడ్డెక్కని బండి

జర్మనీలోని బ్రెమెన్‌ వెళ్లినవాళ్లు పురభవనం పక్కనున్న గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు విగ్రహం తప్పక చూస్తారు. గాడిద కాళ్లు పట్టుకుని కోరికలూ కోరుకుంటారు. మెర్సిడెస్‌ జీఎల్‌సీ 2015 నుంచి ఈ ఊళ్లోనూ తయారవుతోంది.

ఏ షోరూములోనూ దొరకని ఎస్‌యూవీ ఇంకోటుంది... గావ్రిల్‌ రోమర్‌! 2013లో జనంలోకొచ్చిన 'బీమ్‌ఎన్‌జీ డ్రైవ్‌' ఆటలోని కల్పిత బండి అది. ఆ సంస్థదీ బ్రెమెనే. పైకి పాత అమెరికన్‌ బండిలా కనిపిస్తుంది. అయితే బొమ్మ గీసేస్తే చాలదు. లోపల బిందువులూ, వాటిని కలిపే కడ్డీలతో అస్థిపంజరం అల్లాలి. ప్రతి బిందువుకీ బరువు, ప్రతి కడ్డీకీ బిగువు ఇవ్వాలి. వాటి కదలికల్ని కంప్యూటరు సెకనుకు 2000 సార్లు లెక్కిస్తుంది. బరువు కాస్త పైకి జరిగిందా, మలుపులో బోల్తానే! నిజం కంపెనీ పేరుంటే ఇలా నుజ్జు చేయనిస్తారా అన్నది అనుమానమే. పిల్లలు మాత్రం తాళం తిప్పగానే గోడకేసి గుద్దుతారు.