అప్పులేని ఉంగరం

2023 వేసవిలో మా పెద్దమ్మాయికి ప్రధానం నిశ్చయమైంది. అల్లుడికి పెట్టే ఉంగరం కాసుకు, అంటే ఎనిమిది గ్రాములకు, తగ్గితే పదిమందిలో తలవంపులని బంధువులు అన్నారు. మా చేతిలో ఉన్న డబ్బు అరకాసుకే సరిపోతుంది. మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెద్దామని మేమిద్దరం అనుకున్నాం. ప్రార్థన చేసుకోకుండానే ఆ నిర్ణయానికి వచ్చాం.

వేలి కొలత కోసం అబ్బాయిని బంగారం కొట్టుకు రమ్మన్నాం. కాసు ఉంగరం పెట్టి చూసుకుని వెంటనే తీసేశాడు.

"మామయ్యా, రోజంతా మోటార్లు విప్పే చేతులండీ ఇవి. చిన్నది చాలు. దీనికోసం అప్పు చేస్తున్నారా?" అన్నాడు.

మేము జవాబు చెప్పలేక తల దించుకున్నాం.

"అయితే అసలే వద్దండీ. అప్పు తీరేదాకా అది నా వేలికి బరువే."

రాళ్ళు లేని అరకాసు ఉంగరమే తీసుకున్నాం. లోపల 916 ముద్ర, అంటే నూటికి 91.6 పాళ్ళు బంగారమని, దాని పక్కన ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య చూసుకున్నాం. తరుగు, మజూరీ బిల్లులో విడిగా రాయించుకున్నాం.

కానా పెండ్లికి మన ప్రభువు వెళ్ళాడు. ఆ వృత్తాంతంలో ఉంగరాల మాటే లేదు. మా పాస్టరుగారు కూడా ఆ ఉంగరం పట్టుకుని ప్రార్థించారే గాని తూచి చూడలేదు.

పెండ్లి తలపెట్టిన తల్లిదండ్రులారా, కొట్టుకు వెళ్ళేముందు మీ పిల్లలను ఒక్కమాట అడగండి. మేము అడగలేదు. దేవుడు ఆ అబ్బాయి నోటనే మాకు బుద్ధి చెప్పాడు.