బండికి ఏ ఇంజను?



సంఘం బండి మళ్లీ ఎప్పుడు తిరుగుతుందని చాలామంది ఫోన్లు చేస్తున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాము. ఇందులో మా తప్పు కూడా ఉంది.

మన ఆర్మడాలో ఉన్నది ప్యూజో వారి డిజైను డీజిల్ ఇంజను, 2112 సీసీ. పోయిన వానాకాలం నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటీ ఎక్కుతుండగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బండి ఆపి, చల్లారనిచ్చి, నీళ్లు పోయాలి. పైన భూస్థాపన ఆరాధనకు జనం కనిపెట్టుకుని ఉన్నారని ఆపలేదు. పాస్టరమ్మగారు రెండుసార్లు చెప్పినా వినలేదు. మర్నాడు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. హెడ్డు పగిలి నీళ్లు ఆయిల్లో కలిశాయి, బేరింగులు పోయాయి. క్రాంకు ఇదివరకే మూడుసార్లు గ్రైండింగ్ చేయించినది కాబట్టి ఇక పనికిరాదని మేస్త్రీ తేల్చేశాడు.

మరి ఏ ఇంజను వేయాలి? మన యౌవనస్థులు స్కార్పియో ఇంజను వేయించండి అన్నారు. బలం నిజమే. కానీ అది కంప్యూటరు, సెన్సార్ల మీద నడిచేది. వైరింగంతా మార్చాలి, కొండమీద ఆగిపోతే స్పానరు పట్టుకుని చేసేదేమీ లేదు. మేస్త్రీకి మాత్రం బొలెరోలో ఇదివరకు వచ్చిన 2523 సీసీ డీఐ ఇంజను మీద మనసు. డీజిల్ నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది కనుక లంబసింగి చలిలోనూ తొందరగా అందుకుంటుందట. మన ప్యూజో అలా కాదు, హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. అయితే డీఐకి బెల్ హౌసింగు, మౌంటింగులు మార్చాలి. ఇంజను రకమే మారుతుంది కాబట్టి ముందుగా రవాణా శాఖ అనుమతీ కావాలి.

ఈ తర్జనభర్జనలతోనే విశాఖ ఆటోనగర్ వెళ్లాము. ఒక షెడ్డులో డీఐ ఇంజను చూపించారు. స్టార్ట్ చేస్తే గడియారంలా తిరిగింది, ధర మేము అనుకున్నదాంట్లో సగమే. ఇక్కడ ఒక మాట: పాత ఇంజను కొనేవారు స్టార్ట్ చేయించక ముందే బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే తిప్పి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. ఆ రోజు మేము చెయ్యి పెట్టలేదు. బిల్లు లేదన్నారు. నంబరు ఉండాల్సిన చోట గ్రైండరు గీతలున్నాయి. అదీ చూశాము. చూసి కూడా, దేవుని పనికే కదా అనుకుని, సరే అనేశాము.

పాస్టరమ్మగారు అడిగారు, “ఏమండీ, ఈ ఇంజను ఎవరిదంటారు?”

మా దగ్గర జవాబు లేదు. ఆ చేతిసంచిలో ఉన్నదాంట్లో సగం మీరు పిడికెడు బియ్యం తీసిపెట్టి, అమ్మి ఇచ్చిన డబ్బు. ఎవరి బండిలోంచో ఊడదీసిందేమోనని అనుమానం ఉన్న ఇనుమును ఆ డబ్బుతో కొని, దాని మీద కూర్చుని సువార్తకు వెళ్దామనుకున్నాము. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని మీకు ఎన్నిసార్లో బోధించాము. ఆ రోజు మేము చూసుకున్నది ధర ఒక్కటే.

వట్టి చేతులతో తిరిగి వచ్చాము. మూడు వారాలు వెదకగా, తుక్కుకు ఇచ్చేయబోతున్న ఒక ఆర్మడా యజమాని దొరికారు. మన రకం ప్యూజో ఇంజనే. ఆర్‌సీలో ఉన్న నంబరూ బ్లాకు మీద నంబరూ ఒక్కటే. ఈసారి చెయ్యి పెట్టి చూశాము, చల్లగా ఉంది. హీటర్ వేశాక రెండో సెల్ఫ్‌కు అందుకుంది. ఆయిలు మూత తీస్తే ఆవిరి పెద్దగా కొట్టలేదు. ధర ఎక్కువే. డీఐ అంత మంచిదీ కాదు, చలిలో మొండికేస్తుంది, ఘాటీలో మెల్లగా ఎక్కుతుంది. యజమాని సంతకం చేసిన రసీదు మాత్రం ఉంది. రేడియేటరు కూడా కొత్తది వేయించాము, దానికి మా జీతంలోంచి పెట్టుకున్నాము.

ఇంజను మారిస్తే 14 రోజుల్లోగా ఆర్‌సీతో సహా రవాణా కార్యాలయంలో తెలియజేయాలని చట్టం. కాగితాలు ఇచ్చి వచ్చాము. రసీదు నకలు మందిరం గుమ్మం పక్కన అంటించాము, అందరూ చూడండి.

వచ్చే శుక్రవారం ఉపవాస కూటానికి బండి వస్తుంది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే బండి ఆపించే అధికారం ఇకమీదట పాస్టరమ్మగారిదే. ఆలస్యమైతే పాటలు మొదలుపెట్టి పాడుతూ ఉండండి.